సూదికి ముందు ఒక మాట



వేసవి వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట చూసినా చేతినిండా పనే. ఆవకాయ పెట్టుకోవాలి. ఇంటి పైకప్పు చూసుకోవాలి. కాలవలు కట్టేశాక బోదెల్లో పూడిక తీయించుకోవాలి. తొలకరికి విత్తనం సిద్ధం చేసుకోవాలి. జూన్ వచ్చి మబ్బు కమ్మేలోగా ముగించాల్సిన పనులన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకుంటాం. ఆ పనుల్లో ఇంకొకటి చేర్చుకోమని అడగడానికి ఇవాళ మీతో మాట్లాడుతున్నాను. ఇంట్లో 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకి, షుగరు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకి, కడుపుతో ఉన్న ఆడపిల్లకి ఫ్లూ టీకా వేయించడం గురించి.

ఈ మాట ఎత్తితే నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "టీకా వేయించుకున్న మర్నాడే మా వియ్యపురాలికి జ్వరం వచ్చిందండీ, కోరి తెచ్చుకోవడం ఎందుకు?" అంటారు ఒకరు. "వేయించుకున్నా జలుబు వస్తూనే ఉంది కదండీ" అంటారు ఇంకొకరు. "చిన్నప్పుడు వేసిన టీకాలు ఇప్పటికీ కాపాడుతున్నాయి కదా, దీన్ని మాత్రం ఏటేటా వేయించుకోవాలా?" అని ఒక ప్రశ్న. "కోడిగుడ్డుతో చేస్తారట, మేం గుడ్డు ముట్టమండీ" అని ఇంకొక అభ్యంతరం. "కరోనా టీకాలు వేసుకున్నాకే కదా గుండెపోట్లు ఎక్కువయ్యాయి" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లూ ఉన్నారు.

ఇలా అడిగేవాళ్లని ఏమీ తెలియనివాళ్లని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఒంట్లోకి సూది దిగే ముందు ప్రశ్న అడగడం, ఆ ఒళ్లు ఎవరిదో వాళ్ల హక్కు. దానికి ఓపికగా, నిజంగా జవాబు చెప్పడం టీకా వేసేవాళ్ల బాధ్యత. టీకా మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రశ్న అడగడమూ మంచిదేనని అంతే గట్టిగా నమ్ముతున్నాను. ఈ రెండు నమ్మకాలకీ మధ్య పేచీ ఏమీ లేదని చెప్పడమే నా ఉద్దేశం.

మన పల్లెల్లో ఒక సంగతి గమనించాను. జ్వరం వచ్చినప్పుడు మాత్ర రాసిస్తే మనకి తృప్తి ఉండదు. "ఒక ఇంజెక్షను చెయ్యండి డాక్టరు గారూ" అని అడిగి మరీ చేయించుకుంటాం. సెలైను సీసా ఎక్కితే గాని నీరసం తగ్గినట్టు అనిపించదు. ఒంట్లో బాగున్నప్పుడు మాత్రం సూది అంటే వెనకాడతాం. దీనికి కారణం ఉంది. జబ్బులో చేసిన వైద్యం ఫలితం కళ్లకి కనిపిస్తుంది. నిన్న లేవలేనివాడు ఇవాళ లేచి కూచుంటాడు. టీకా ఫలితం అలా కనిపించదు. రావలసిన జబ్బు రాకపోతే, రాలేదన్న సంగతే మనకి తెలియదు. అందుకే టీకా విషయంలో నమ్మకం కుదరాలంటే కొంచెం ఎక్కువ వివరం కావాలి.

ముందు ఫ్లూ జబ్బు సంగతి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ప్రాంతంలో ఏ ఆసుపత్రికి వెళ్లినా జ్వరాలవాళ్లే. డెంగీ ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, మన్యం వైపు మలేరియా ఉంటుంది. అన్నిటికీ మొదట్లో లక్షణాలు ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ఆ గుంపులో ఫ్లూ కలిసిపోతుంది. ఒక్కసారిగా పట్టుకునే జ్వరం, ఒళ్లు నలగ్గొట్టినట్టు నొప్పులు, పొడిదగ్గు, గొంతునొప్పి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు వారం రోజుల్లో కోలుకుంటాడు. అదే జ్వరం షుగరు ఉన్న పెద్దావిడకి వస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా కావచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఇంకో ముప్పు ఉంది. పరీక్షలో ఫ్లూ అని తేలిన తర్వాత మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజుల కంటే ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా పరిశోధకులు తేల్చారు.

ఈ జబ్బు మనకి కొత్తది కాదు. 1918లో బొంబాయి రేవులో దిగి దేశమంతా పాకిన ఫ్లూ మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ప్రాణాలు తీసిందని చరిత్రకారుల అంచనా. 1957 మే నెలలో సింగపూర్ నుంచి రజులా అనే ఓడ మద్రాసు రేవుకి వచ్చింది. అందులో ప్రయాణికులతో పాటు కొత్త రకం ఫ్లూ కూడా దిగింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా దేశంలో నమోదైన కేసులే 44 లక్షలు దాటాయి, మరణాలు దాదాపు 1,100. ఆ తర్వాత 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. దేశంలో తొలి కేసు బయటపడింది మన హైదరాబాదులోనే, ఆ ఏడాది మే నెలలో. ఆనాడు అంత భయపెట్టిన ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటిగా మన మధ్యే తిరుగుతోంది. ఇవాళ మనం వేయించుకునే టీకాలో ఆ రకానికి విరుగుడు కూడా ఉంటుంది.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దక్కయ్యది కోనసీమ. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఒక వానాకాలం జ్వరం వచ్చింది. ఇంటిల్లిపాదీ దగ్గుతూనే ఉన్నారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఊళ్లో ఇంజెక్షను చేయించారు, సెలైను ఎక్కించారు. మిగతావాళ్లందరికీ తగ్గింది, అక్కయ్యకి ఆయాసం మొదలైంది. కారులో పట్నం తీసుకెళ్లేసరికి మాట్లాడడానికి కూడా ఊపిరి చాలడం లేదు. పరీక్ష చేస్తే ఫ్లూ అని తేలింది, రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. చాలా రోజులు ఆక్సిజను మీద ఉంచారు. దేవుడి దయ, డాక్టర్ల శ్రమ కలిసి మనిషి దక్కింది. ఇంటికొచ్చాక కూడా పెరట్లోకి నడిచి వెళ్లి తులసికోట దగ్గర దీపం పెట్టడానికి నెలలు పట్టింది.

పంపించేటప్పుడు డాక్టరు గారు, వచ్చే వేసవిలో ఫ్లూ టీకా వేయించమన్నారు. మా బావగారు ససేమిరా అన్నారు. "అమ్మాయ్, మీ అక్క చచ్చి బతికింది. మళ్లీ ఆ జబ్బునే సూదిలో పెట్టి ఎక్కిస్తామంటే ఎలా ఒప్పుకోమంటావు?" అని నన్నే నిలదీశారు. భార్యని ఆ స్థితిలో చూసిన మనిషి ఆ మాట అనకపోతే ఆశ్చర్యపోవాలి. "బావగారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను చెప్పడం దేనికి, టీకా వేసే డాక్టరు గారినే అడుగుదాం పదండి" అన్నాను. వెళ్లాం. ఆ డాక్టరు గారు విసుక్కోలేదు. కుర్చీ చూపించి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆయన చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

టీకాతో ఫ్లూ వస్తుందా? మన చేతికి వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్‌ని పెంచి, రసాయనాలతో చంపి, ముక్కలు చేసి, దాని పైపొర తాలూకు మాంసకృత్తులని మాత్రం తీసుకుంటారు. అవి ఒంట్లో పెరగలేవు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోలేవు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని చూసి, గుర్తుపెట్టుకుని, తగిన ఆయుధాలు తయారు చేసుకుంటుంది. ఆ పనిలో ఉన్నప్పుడు సూది వేసిన చోట నొప్పి, కొందరికి నలతగా ఉండడం, వెచ్చబడడం జరుగుతాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. నాకు వేసినప్పుడు ఆ రాత్రి ఎడమ చేతి వైపు తిరిగి పడుకోలేకపోయాను, ఒళ్లు కాస్త వేడిగా ఉంది. పొద్దుటికల్లా మామూలు పనుల్లో పడ్డాను.

ఇంకో సంగతి. టీకా వేశాక రక్షణ తయారు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ లోపల ఎవరి దగ్గరైనా ఫ్లూ అంటుకుంటే వస్తుంది. వానలు మొదలయ్యాక పరుగెత్తి వేయించుకున్నవాళ్లకి ఇలాంటివి ఎక్కువ జరుగుతాయి. మా వీధిలో ఒకావిడకి టీకా వేసిన వారంలోనే గట్టి జ్వరం వచ్చింది. వీధంతా టీకాదే తప్పంది. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఆ తేలిన సంగతి మాత్రం వీధంతా పాకలేదు.

మందు వేసుకున్నాక వచ్చే జ్వరం అనగానే మన భీమవరంలో పుట్టిన ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు, అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకి నాయకత్వం వహించారు. బోదకాలుకి వాడే డీఈసీ మాత్ర ఆయన బృందం కృషి ఫలితమే. దశాబ్దాల తర్వాత ఆ మాత్రలే మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచారు. ఎంతమంది మింగారు, ఎంతమంది తీసుకుని గూట్లో పెట్టేశారు? మింగినవాళ్లలో కొందరికి తల తిరిగింది, జ్వరం వచ్చింది. నిజానికి ఆ జ్వరం మాత్ర విషం వల్ల వచ్చింది కాదు, రక్తంలో ఉన్న బోదకాలు సూక్ష్మక్రిములు చనిపోతున్నప్పుడు ఒంట్లో పుట్టే వేడి అది. క్రిములు ఉన్నవాళ్లకే ఆ ఇబ్బంది ఎక్కువ. ఈ మాట ముందే కూచోబెట్టి చెప్పిన చోట జనం ధైర్యంగా మింగారు. చెప్పకుండా చేతిలో పెట్టి వెళ్లిపోయిన చోట ఒకరికి తల తిరిగితే ఊరు ఊరంతా మానేసింది. భీమవరం బిడ్డ కనిపెట్టిన మందు భీమవరం చుట్టుపక్కల ఇళ్లలోనే గూళ్లలో ఉండిపోవడం నాకు బాధ కలిగించే విషయం. మందు ఎంత గొప్పదైనా ముందు మాట లేకపోతే కడుపులోకి వెళ్లదు.

రెండో ప్రశ్న. వేయించుకున్నా వస్తుంది కదా? నిజమే, రావచ్చు. ఈ టీకా నూటికి నూరు పాళ్లు ఆపదు. ఆ ఏడు తిరిగే వైరస్‌కీ, టీకాలో పెట్టిన రకానికీ బాగా పొంతన కుదిరిన ఏడాది కూడా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే ముప్పుని వందకి నలభై నుంచి అరవై పాళ్లు తగ్గిస్తుంది. కుదరని ఏడాది ఇంకా తక్కువ. ఈ మాట దాచకుండా చెప్పాలి. దాచిపెట్టి, వేయించుకుంటే ఇక రానే రాదని చెబితే, మొదటి తుమ్ముతోనే నమ్మకం పోతుంది. పైగా మామూలు జలుబు తెచ్చే వైరస్‌లు వేరే ఉన్నాయి, వాటి మీద ఈ టీకా పని చేయదు.

మరి సగం రక్షణ కోసం వేయించుకోవాలా? లంకల్లో, ఏటిగట్టు పక్కన బతికేవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. గట్టు వరదని ఆపదు, ఊరి మీద పడకుండా చూస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినప్పుడు దిగువన గట్లు తెగాయి. గట్లు ఉన్నా తెగాయి కదా, ఇక గట్లే వద్దని ఎవరైనా అన్నారా? ఇంకా గట్టిగా కట్టమని అడిగారు. ఏటా వానలకి ముందు గండ్లు, బలహీనమైన చోట్లు చూసుకుని మట్టి వేస్తూనే ఉన్నారు. టీకా వేయించుకున్నవాళ్లకి ఫ్లూ వచ్చినా, చాలామందిలో అది ఆసుపత్రి దాకా, ఆక్సిజను దాకా పోదు. మా అక్కయ్య లాంటి వాళ్లకి తేడా చూపించేది అక్కడే.

ఏటేటా ఎందుకు? ఫ్లూ వైరస్ తన పైపొరని తరచు మార్చుకుంటుంది. నిరుడు గుర్తుపట్టిన రక్షణ వ్యవస్థ ఈ ఏడు పొరపడవచ్చు. దానికి తోడు టీకా ఇచ్చిన బలం కూడా నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి దేశదేశాల ప్రయోగశాలలతో ఒక నిఘా వ్యవస్థ నడుపుతోంది. మన పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా అందులో భాగస్వామి. ఏడాదికి రెండు సార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి నిపుణులు కూచుని, రాబోయే సీజనుకి టీకాలో ఏ రకాలు పెట్టాలో చెబుతారు. 2020 మార్చి తర్వాత ఒక రకం ఫ్లూ, బి యమగట అనే వంశం, ప్రపంచంలో ఎక్కడా మళ్లీ కనిపించలేదు. అందుకే నాలుగు రకాలకి చేసే టీకాని మళ్లీ మూడు రకాలకి మార్చమన్నారు. ఎక్కడో ఎవరో ప్రతి చిన్న మార్పునీ కనిపెడుతున్నారన్నమాట.

మన దేశంలో ఫ్లూ రెండు సార్లు లేస్తుంది. వానాకాలంలో ఎక్కువగా, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా కొంత. మన వైపు చూడండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బంధువులంతా వచ్చి ఒకే ఇంట్లో సర్దుకుంటారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తాం, ఆ తర్వాత అంతర్వేది తీర్థానికి వెళ్తాం. ఆ సందడిలో దగ్గులు, తుమ్ములు కూడా ఊళ్లు మారతాయి. అయినా మన వాతావరణానికి పెద్ద ఉద్ధృతి వానల్లోనే కాబట్టి, దేశంలో కశ్మీరు లాంటి చోట్ల మినహా ఏప్రిల్, మే నెలల్లోనే టీకా వేయించుకోవడం మేలని మన శాస్త్రవేత్తలు సూచించారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకి అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో వేస్తారు. మందులు కొనే దుకాణంలోనే చొక్కా చెయ్యి మడిచి వేయించుకుని వస్తారు. అక్కడి సీజను వేరు, మన సీజను వేరు. అమెరికాలో ఉన్న అబ్బాయి అక్టోబరులో ఫోను చేసి గుర్తుచేసే దాకా ఆగితే మన వానాకాలం అయిపోతుంది.

ఇక గుడ్డు సంగతి. ఫ్లూ టీకాల్లో చాలావాటిని ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. పొదగడానికి పెట్టిన గుడ్డులోకి వైరస్‌ని ఎక్కించి, పెరిగాక తీసి, శుద్ధి చేస్తారు. 1940ల నుంచి ఉన్న పద్ధతి ఇది. తణుకు, మండపేట చుట్టుపక్కల కోళ్ల ఫారాల మధ్య పెరిగినవాళ్లకి, గుడ్డు ఇంత పని చేస్తుందంటే గర్వంగానే ఉంటుంది. గుడ్డు పడనివాళ్లకి ఒకప్పుడు భయపడేవారు. టీకాలో మిగిలే గుడ్డు పదార్థం అతి స్వల్పమని, గుడ్డు పడకపోయినా వేయించుకోవచ్చని ఇప్పటి వైద్య సలహా. అయితే ఆ సంగతి వేసేవాళ్లకి ముందే చెప్పాలి. నియమంగా గుడ్డు ముట్టనివాళ్లు ఆ నియమం కోసం ఆగితే, అది వాళ్ల మనస్సాక్షికి సంబంధించిన విషయం, దాన్ని నేను గౌరవిస్తాను. గుడ్డు లేకుండా కణాల్లో పెంచే పద్ధతి కూడా ఉంది. 2010లో స్వైన్ ఫ్లూకి హైదరాబాదు భారత్ బయోటెక్ సంస్థ అలాంటి టీకానే చేసింది. అలాంటివి మన ఊళ్లలో దొరుకుతాయేమో డాక్టరుని అడగవచ్చు.

గుడ్డు అనగానే 2025 ఫిబ్రవరి గుర్తొస్తుంది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. భోపాల్ ప్రయోగశాల బర్డ్ ఫ్లూ అని తేల్చింది. రైతులు గుండెలు బాదుకున్నారు. ఫ్లూ టీకా వేసుకుంటే బర్డ్ ఫ్లూ రాదా అని చాలామంది అడిగారు. స్పష్టంగా చెబుతున్నాను, మామూలు ఫ్లూ టీకా బర్డ్ ఫ్లూని ఆపదు. అయినా కోళ్ల ఫారాల్లో పని చేసేవాళ్లు దాన్ని వేయించుకోవడం మంచిది. ఒకే మనిషిలో మనుషుల ఫ్లూ, కోళ్ల ఫ్లూ ఒకేసారి చేరితే అవి కలిసిపోయి కొత్త రకం పుట్టే ప్రమాదం ఉంది. ఆ కలయికకి అవకాశం తగ్గించడం మన చేతిలో ఉన్న పని. మన డెల్టాలో ఫారం పని చేసే కూలీల దాకా ఈ మాట చేరాలి.

అన్నిటికంటే లోతైన భయం గుండె గురించి, నరాల గురించి. కరోనా తర్వాత పడిపోయిన కుర్రవాళ్ల వీడియోలు ప్రతి ఫోనులోనూ తిరిగాయి. భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 47 ఆసుపత్రుల్లో, ఉన్నట్టుండి చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ల వాళ్ల వివరాలు తీసి 2023లో అధ్యయనం ప్రచురించింది. కరోనా టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని అందులో తేలింది. ఫ్లూ టీకా విషయానికొస్తే ఇంకా మంచి కబురు. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్లకి అక్కడే ఫ్లూ టీకా వేసి ఏడాది పాటు చూశారు. ఎనిమిది దేశాల్లో 2,571 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో నూటికి ఇంచుమించు అయిదుగురు చనిపోతే, టీకా వేసినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. గుండె బలహీనంగా ఉందని టీకా మానుకునేవాళ్లు ఈ సంగతి తమ డాక్టరుతో తప్పకుండా మాట్లాడాలి.

నరాల జబ్బు సంగతి కూడా దాచను. 1976లో అమెరికాలో ఒక స్వైన్ ఫ్లూ టీకా నాలుగు కోట్ల మందికి పైగా వేశారు. లక్ష మందికి ఒకరి చొప్పున గిలాన్ బారీ అనే నరాల జబ్బు అదనంగా కనిపించింది. వెంటనే ఆ కార్యక్రమం ఆపేశారు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఈ జబ్బు మీద కన్నేసి ఉంచుతున్నారు. ఇప్పటి టీకాల వల్ల ఆ ముప్పు ఉంటే గింటే పది లక్షల మందికి ఒకరు, ఇద్దరు. ఫ్లూ జబ్బు వస్తే అదే గిలాన్ బారీ వచ్చే అవకాశం అంతకంటే ఎక్కువ. 2025 మొదట్లో పుణెలో ఈ జబ్బు వ్యాపించినప్పుడు దానికి మూలం కలుషితమైన నీళ్లని తేలింది, టీకాలు కాదు. టీకా వేసిన కొద్ది వారాల్లో ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ వేయించుకునే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఇన్ని లెక్కలు విన్నాక కూడా కొందరి మనసు ఒప్పదు. అది లెక్కలకి సంబంధించిన సంగతి కాదు. మన గోదావరి ఒడ్డునే జరిగిన ఒక అన్యాయం వల్ల కూడా ఆ జంకు ఏర్పడింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ చెప్పింది. అయితే అనుమతి పత్రాల మాటేమిటి? తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టిన కాగితాలు బయటపడ్డాయి. 2010లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరుని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా ప్రపంచమంతటా వాడుతున్న మంచి టీకాయే. అమ్మానాన్నలని అడగకుండా వేయడం వల్ల మంచి టీకా మీద కూడా ఒక తరం పాటు అనుమానం మిగిలింది. ఎటపాక, కూనవరం, చింతూరు లాంటి మండలాల్లో నర్సమ్మ సంచి చూసి ఇంకా ఎవరైనా జంకితే, ఆ జంకు వెనక ఇది కూడా ఉందని మనం గుర్తుంచుకోవాలి.

మా బావగారి సంగతి చెప్పాలి. డాక్టరు గారి మాటలు విన్నాక అక్కయ్యకి వేయించడానికి ఒప్పుకున్నారు. తనకి మాత్రం వద్దన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ వానాకాలం అక్కయ్యకి జలుబు చేసింది, రెండు మూడు రోజులు తుమ్మింది, అంతే. ఆయన ఆ నాలుగు నెలలూ ఆమెని జాగ్రత్తగా గమనించారు. మరుసటి వేసవిలో తనే అడిగి వేయించుకున్నారు. ఒక్క మనిషి అనుభవం శాస్త్రానికి రుజువు కాదని నాకు తెలుసు. అయితే ఆలోచించుకోవడానికి గడువు ఇస్తే మనిషి ఎంత స్థిరంగా నిర్ణయం తీసుకుంటాడో అందులో చూశాను.

పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా ఒక మాట. గర్భిణులకి, ఆసుపత్రుల్లో పని చేసేవాళ్లకి ఈ టీకా వేయమని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆరు నెలలు నిండని బిడ్డకి ఫ్లూ టీకా వేయరు. ఆ పసికందుకి రక్షణ ముఖ్యంగా వచ్చేది తల్లి కడుపులో ఉండగా తల్లి రక్తం ద్వారా. సీమంతానికి గాజులు, పసుపు, పూలు ఎంత శ్రద్ధగా చూస్తామో, ఆ సందర్భంలోనే డాక్టరుని ఈ ఒక్క ప్రశ్న అడగండి. చుట్టాలతో నిండిన ఇంట్లో బాలెంతరాలి గదిలోకి దగ్గుతూ వెళ్లకుండా ఉండడం కూడా ఆ బిడ్డకి మనం చేసే మేలే.

టీకా వేయించుకున్నా, మానినా, ఫ్లూకి మందు ఉందని మరిచిపోకండి. ఒసెల్టమివిర్ అనే మందు ముప్పు ఉన్నవాళ్లకి మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెడితే బాగా పని చేస్తుంది. 2009లో ప్రభుత్వానికి దాన్ని సరఫరా చేసినవాటిలో హైదరాబాదు హెటిరో సంస్థ ఉంది. మిరియాల కషాయం గొంతుకి హాయినిస్తుంది, తాగండి. ఆయాసం వస్తే, పెదాలు నీలంగా మారితే, పెద్దవాళ్ల మాట తడబడితే మాత్రం కషాయం దగ్గర ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చివరిగా డబ్బు సంగతి. ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో లేదు. ప్రైవేటులో వెయ్యిన్నర, రెండు వేల దాకా అవుతుంది. కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకి వేయించాలంటే అది ఎన్ని రోజుల కష్టం? హజ్ యాత్రకి వెళ్లే వృద్ధులకి ఈ టీకా ఇచ్చే పద్ధతి మన దేశంలోనే ఉంది. అలాంటి ఏర్పాటే ఇక్కడా చేయవచ్చు. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. 2015లో పుష్కరాలు జూలైలో జరిగాయి, అంటే సరిగ్గా ఫ్లూ లేచే రోజుల్లో. ఈసారి కూడా రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా ఘాట్లన్నీ వానాకాలంలోనే కిటకిటలాడతాయి. ఆ లోపల గోదావరి జిల్లాలన్నిటిలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వృద్ధులకి, గర్భిణులకి, పుష్కర విధుల్లో ఉండే సిబ్బందికి ఈ టీకా ఉచితంగా అందించమని ప్రభుత్వాన్ని వినయంగా, గట్టిగా కోరుతున్నాను.

వేయించుకోబోయేవాళ్లు ఈ ప్రశ్నలు అడగండి. ఇది ఏ ఏటి టీకా? గడువు ఎంతవరకు ఉంది? కరెంటు పోయినప్పుడు కూడా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉంచారా? నాకున్న జబ్బులకి, నేను వాడే మందులకి ఇబ్బంది ఉందా? వేసుకున్నాక ఏమైనా తేడా చేస్తే ఎవరికి ఫోను చేయాలి? ఇవాళ జ్వరం ఉంటే తగ్గాక రమ్మంటారా? వేశాక ఒక అరగంట అక్కడే కూచోండి. తొమ్మిదేళ్లు నిండని పిల్లలకి మొదటిసారి వేయిస్తుంటే నెల తేడాతో రెండు డోసులు కావాలేమో అడగండి. ఇబ్బంది కలిగితే దాచుకోకుండా మీ ఏఎన్‌ఎం గారికి చెప్పి రాయించండి. అలా రాయించిన ప్రతి ఫిర్యాదూ రేపు టీకాలని ఇంకా భద్రంగా చేయడానికి ఉపయోగపడుతుంది.

ఆశా కార్యకర్తలకి, నర్సమ్మలకి, డాక్టర్లకి నా మనవి. మీ మీద ఎంత పని భారం ఉందో తెలుసు. అయినా ఎదురుగా కూచున్న పెద్దాయన ఒక ప్రశ్న అడిగితే, దాన్ని మొండితనంగా తీసుకోకండి. ఆయన శ్రద్ధగా వింటున్నాడని అర్థం. ఆ రెండు నిమిషాలూ ఆయనకి ఇవ్వండి. శ్రోతలారా, మీరు కూడా సందేహాన్ని మనసులో పెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్లకండి. అడగండి. జవాబు నచ్చేదాకా అడగండి. నచ్చాక ఈ వేసవిలోనే, తొలకరికి ముందే, మీ ఇంట్లో పెద్దవాళ్లని చేయి పట్టుకుని తీసుకెళ్లి వేయించండి.